మబ్బు కంట్లో నీళ్ళు

పెనుకొండ,
12 ఏప్రిల్ 1998.

ధర్మవరంలో ఉన్న అనసూయమ్మ వదినగారికి పెనుకొండ నుంచి నీలావతి నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం, షెడ్డు నిండా పట్టుపురుగులు, మీరు పంపిన మబ్బు, అందరం బాగున్నాం. మీరూ, అన్నగారూ బాగున్నారని తలుస్తాను.

పట్టునూలు వ్యాపారం చేసే మన కుళ్ళాయప్ప నిన్న బోనును ఒళ్ళో పెట్టుకుని బస్సు దిగాడు. కండక్టరు దానికీ టికెట్టు కొడతానన్నాడట. "ఏమబ్బా, ఎలుకకు గూడా టికెట్టు కొడ్తావా?" అని ఈయన, "అంత లావు ఎలుక యాడుంటుందప్పా?" అని ఆయన, ధర్మవరం నుంచి పెనుకొండదాకా అదే వాదనట. అల్లుడిగారికి వాళ్ళ కంపెనీ దొర తన దేశం వెళ్ళిపోతూ ఈ మబ్బును, అంటే చించిల్లా అనే జంతువును, ఇచ్చాడని, పుణె వెళ్తూ వాళ్ళు దాన్ని మీ దగ్గర వదిలారని విన్నాను గానీ, ఎలుకకు కుందేలు బంధువైనట్టు ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. బూడిదరంగు బొచ్చు, గుండ్రటి చెవులు, చేతులతో పట్టుకుని తినడం... ముద్దుగానే ఉంది.

ఒక్క మాట. కుడికన్ను కొంచెం తడిగా ఉంది. కింద వెంట్రుకలు అట్ట కట్టాయి. మీ ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఇలాగే ఉండేదా? తప్పుగా అనుకోవద్దు, ఊరికే అడుగుతున్నాను.

ఆదివారం ఆదివారం మా అశ్విని పుణె నుంచి ఎదురింటి ఫోనుకు చేస్తుంది. ఫోను అందుకోగానే శ్రుతి "అవ్వా, మబ్బు బాగుందా?" అంటుంది. నేను బాగున్నానా అని అడగడం ఆ తర్వాతే. అల్లుడిగారి ట్రైనింగు అయిపోయి జూన్ ఒకటికి ముగ్గురూ వచ్చేస్తారు. ఆ రోజు ఆ బిడ్డ చేతిలో దాన్ని రెండు కండ్లతో పెట్టాలి వదినా. అంతకన్నా నాకు వేరే కోరిక లేదు.

ఇట్లు,
మీ వియ్యపురాలు నీలావతి.

తా.క.: ఇది ఏం తింటుందో రాయండి. రాగిముద్ద పెడితే వాసన చూసి, నా ముఖం చూసి వెనక్కి పోయింది. అల్లుడిగారు కూడా మొదటిసారి మా ఇంట్లో అంతే చేశారు.


ధర్మవరం,
18 ఏప్రిల్ 1998.

నీలావతికి అనసూయమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేను, మీ అన్న, రెండు మగ్గాలు క్షేమం. నీ ఉత్తరం చదివేదాకా మనసు కూడా క్షేమంగానే ఉండింది.

"మీ ఇంట్లో కూడా ఇలాగే ఉండేదా" అని రాశావు. "ఊరికే" అని కూడా రాశావు. ఊరికే అడిగే మాటలు నాకు తెలుసమ్మా, నేనూ ఒక ఇంటి కోడలినే. మా ఇంట్లో ఉన్న ఇరవై రోజులూ దాని కండ్లు గాజుగోళీలే. ధర్మవరం ఎండకు తట్టుకోలేదు, మీ పురుగుల షెడ్డుకు తడి గోనెపట్టాలు కట్టి చల్లగా ఉంచుతారు కదా అని మంచి మనసుతో పంపాను. దానికి ఈ మాట పడాల్సి వచ్చింది.

నా ఉద్దేశం అది దిష్టి. బస్సునిండా జనం చూశారు కదా. ఏడు ఎండుమిరపకాయలు, గుప్పెడు ఉప్పు, నీ తలవెంట్రుక ఒకటి తీసుకుని మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వెయ్యి. తెల్లారేసరికి కన్ను తేటబడకపోతే నన్ను అడుగు.

తిండి గురించి అడిగావు. పెట్టింది తింటుంది. మర్యాద తెలిసిన జంతువు.

ఇట్లు,
అనసూయమ్మ.

తా.క.: మా చంద్రమోహన్ ఆ రోజు ముద్ద తినకపోవడానికి కారణం ముద్ద కాదు. మీ చారు.


పెనుకొండ,
24 ఏప్రిల్ 1998.

వదినగారికి నీలావతి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమమే గానీ అందరి కండ్లూ ఎర్రగా ఉన్నాయి. కారణం కింద రాస్తున్నాను.

మీరు చెప్పినట్టే దిష్టి తీశాను. పురుగులకు పొగ పడదని పెరట్లో నిప్పులు పోసి మిరపకాయలు వేశాను. గాలి ఇంటివైపే తిరిగింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు, వస్తే లేనట్టు అంటారు కదా. ఇక్కడ ఘాటు వీధి చివర చక్కీ దాకా పోయింది, పిండి ఆడించుకునేవాళ్ళు నన్ను తిట్టుకుంటూ వచ్చారు. అంటే దిష్టి లేదనే కదా వదినా? మబ్బుకు మాత్రం ఇంతకుముందు ఒక కంట్లోనే నీళ్ళు, ఇప్పుడు రెండింట్లోనూ.

పక్కింటి గంగాదేవి నందివర్ధనం పువ్వు కంటిమీద పెడితే చలవ అంది. పెట్టాను. అది ఆ పువ్వును తీసి రెండు చేతులతో పట్టుకుని నన్నే చూసింది. నాకు సిగ్గేసింది.

తిండి కూడా తగ్గింది. ఆశగా చేతిలోకి తీసుకుంటుంది, నోటిదాకా తెస్తుంది, కింద పడేస్తుంది. ఆదివారం ఫోనులో బాగుందనే చెప్పాను. అబద్ధం చెప్పేటప్పుడు నా గొంతు పెద్దదవుతుంది. "ఏమ్మా, ఎందుకట్ల అరుస్తాండావు?" అని అశ్విని అడిగింది. లైను బాగలేదన్నాను. జూన్ ఒకటి దగ్గరికి వస్తోంది, నాకు ముద్ద మింగుడు పడడం లేదు.

ఇట్లు,
మీ నీలావతి.

తా.క.: ఇది నీళ్ళు ముట్టదు. దుమ్ము కనిపిస్తే చాలు, దూరి గిరగిరా పొర్లుతుంది. మీ ఇంట్లో స్నానం ఎలా చేసేది?


ధర్మవరం,
30 ఏప్రిల్ 1998.

నీలావతికి అనసూయమ్మ రాసేది. క్షేమం సంగతి తర్వాత.

నిన్న కుళ్ళాయప్ప నూలు వేయడానికి వచ్చాడు. కుళ్ళాయప్ప చూసింది చూసినట్టు చెబుతాడు, చూడనిది ఇంకా బాగా చెబుతాడు, నాకు తెలుసు. అయినా ఈ మాట విని కండెకు నూలు చుట్టడం ఆపి లేచాను. పట్టుపురుగుల మీద జల్లే సున్నమూ, మందుపొడీ కలిపి తట్టలో పోసి, దాంట్లో మా మనవరాలి మబ్బును నువ్వు పొర్లించావట! "యక్కా, గారెకు పిండి అద్దినట్ల అద్దినారు" అన్నాడు. నిజమేనా?

ఇంత చేసి, "మీ ఇంట్లో ఇలాగే ఉండేదా" అని నన్ను అడిగావా? మీ అన్న అయితే మగ్గం దిగి వచ్చి, "మన ఇంట్లో జంతువుకు సున్నం గొట్టే ఆచారం ల్యాదని రాయి" అన్నాడు. రాశాను. రేపు కన్ను పోతే మా అబ్బాయికి నేనేమని చెప్పాలి? ఈ ఉత్తరానికి జవాబు సరిగ్గా రాకపోతే వాడికి నేనే పుణెకు ఉత్తరం రాస్తాను.

స్నానం ఎలా చేసేదని అడిగావు. లోకంలో అందరూ ఎలా చేస్తారో అలాగే. ఆ సంగతి మళ్ళీ ఎత్తొద్దు.

ఇట్లు,
అనసూయమ్మ.

తా.క.: ఆ పొడి మిగిలి ఉంటే కొంచెం కుళ్ళాయప్పతో పంపు. మా వంటింట్లో చీమలు ఎక్కువయ్యాయి.


పెనుకొండ,
6 మే 1998.

వదినగారికి నీలావతి చేతులు జోడించి రాసేది.

కుళ్ళాయప్ప చెప్పింది నిజం. గారె మాట తప్ప అన్నీ నిజం. దుమ్ములో పొర్లుతోందని చూసి, వీధిమట్టి కన్నా శుభ్రమైన పొడి మా ఇంట్లో ఉంది కదా అనుకున్నాను. లక్ష పురుగుల మీద జల్లితే రోగం రాకుండా కాపాడే పొడి, ఒక్క మబ్బును కాపాడదా అనిపించింది. ఇరవై ఏళ్ళుగా ఏ జబ్బుకైనా నా చెయ్యి ఆ డబ్బా మీదికే పోతుంది వదినా. మీకు రాయడానికి ముఖం చెల్లక దాచాను.

కుళ్ళాయప్ప వెళ్ళిన గంటకే దాని కండ్లు ఎర్రబడ్డాయి, తువ్వాలులో చుట్టుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాను. డాక్టరు దానియేలుగారు మంచివారు. వరుసలో నా ముందు రెండు ఎద్దులు, ఒక బర్రె. రిజిస్టరులో ఆవు, బర్రె, గొర్రె, మేక, కోడి అని గళ్ళున్నాయి. మబ్బును చూసి చాలాసేపు ఆలోచించి "ఇతరములు" అనే గడిలో రాశారు. ఉప్పునీళ్ళతో కండ్లు కడిగారు. రంగు చుక్క వేసి దీపం పెట్టి చూశారు. కంటిమీద గాయం లేదు, పొడి వల్ల ఎర్రబడింది, అది తగ్గిపోతుంది అన్నారు. మందు రాసిచ్చారు. ఎరుపు తగ్గింది కూడా.

కానీ కుడికంట్లో నీళ్ళు మాత్రం ఆగలేదు. రోజురోజుకూ తిండి తగ్గిపోతోంది. చేత్తో ఎత్తితే బొచ్చు తప్ప బరువు లేదు. కారణం డాక్టరుగారికీ అంతుబట్టలేదు, బెంగళూరులో తన గురువుగారిని అడుగుతానన్నారు.

అల్లుడిగారికి రాయొద్దు వదినా. నేనే చెప్పుకుంటాను, కొంచెం ధైర్యం రానివ్వండి. నన్ను నమ్మి పంపిన ప్రాణం. రాత్రీ పగలూ నాలుగు పూటలు పురుగులకు ఆకు వేసి సాకేదాన్ని, అరచేతిలో పట్టేదాన్ని సాకలేకపోయానని బిడ్డతో ఎలా అనేది? నిన్న ఆకు కోస్తూ తోటలోనే కూర్చుని ఏడ్చాను.

ఇట్లు,
నీలావతి.

తా.క.: పొడి పొట్లం కుళ్ళాయప్పతో పంపుతున్నాను. కండ్లకు దూరంగా పెట్టుకోండి.


ధర్మవరం,
11 మే 1998.

నీలావతికి అనసూయమ్మ రాసేది. ఏడవద్దు.

నేను అబ్బాయికి ఏమీ రాయలేదు, రాయను. కోపంలో ఏదో అన్నాను, పెద్దదాన్ని కదా, అది నా హక్కు. నువ్వు ఆ ఉత్తరాన్ని చింపేయి.

పొడి వల్ల అయింది తగ్గిందని డాక్టరే చెప్పాడు కదా. అంటే మిగిలింది నీ తప్పు కాకపోవచ్చు. కాదనే అంటున్నాను. మీ అన్న కూడా అదే అన్నాడు, అంటే నేను చెప్పాను, ఆయన విన్నాడు.

అది తలుపో, బోను కట్టెనో కొరుకుతుంటే కొరకనీ. అరవొద్దు. ఇంట్లో ఎండుగడ్డి ఉంటే వేసి చూడు. ఎందుకు చెబుతున్నానో అడగొద్దు.

వచ్చే గురువారం నేనే వస్తున్నాను. నీతో ముఖాముఖి మాట్లాడాల్సింది ఉంది. ఉత్తరంలో రాసేది కాదు.

ఇట్లు,
వదిన అనసూయమ్మ.

తా.క.: కుంకుడుకాయ నురగ లోపలికి పోతే కండ్లు దెబ్బతింటాయా అని ఆ డాక్టరును ఒకసారి అడుగు. నాకు కాదు. మా పక్కింటామె అడగమంది.


పెనుకొండ,
17 మే 1998.

వదినగారికి నీలావతి నమస్కారాలు. ఈ ఉత్తరం గురువారం లోపల మీకు అందాలని కుళ్ళాయప్ప జేబులో పెట్టి, జేబుకు పిన్నీసు కూడా పెట్టాను.

దయచేసి మీరు రావద్దు. పురుగులు గూడు అల్లే వేళ, షెడ్డులోకి కొత్తవాళ్ళు రాకూడదు. ఇది సాకే అనుకోండి. ముఖాముఖి మాట్లాడాలని మీరు రాసిన మాటను పదిసార్లు చదివాను. పంచాయితీ పెట్టాలనుకుంటే కూడా పెట్టొద్దు, ఎందుకంటే ఇప్పుడు అవసరం లేదు. శుభవార్త రాస్తున్నాను.

రొద్దం వైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చే కదిరప్పను మీరు ఎరుగుదురు. పురుగులు తిని వదిలిన మల్బరీ ఆకు ఏరుకుపోవడానికి మొన్న వచ్చాడు. నేను వసారాలో కూర్చుని మబ్బు కన్ను తుడుస్తున్నాను. కాసేపు నిలబడి చూశాడు.

"ఏందమ్మా అది? ఊరికే కంటి మీదనే పడినావే. నోరు సూసినావా?"

"కన్ను జబ్బైతే నోరెందుకప్పా చూసేది?"

"సంతలో గొర్రెను కొనేటప్పుడు మేము యాడ సూస్తాము? ముందు పండ్లు. పండ్లు సరిగ్గా లేని జీవం మేయదు, మేయనిదానికి అన్ని రోగాలూ వస్తాయి. ఇట్ల తే."

నేను వద్దు వద్దు అనేలోపల రెండు వేళ్ళతో దవడ నొక్కి నోరు తెరిచాడు. వదినా, ముందు పండ్లు ఎంత పొడవు పెరిగాయో! లోపలికి వంకర తిరిగాయి. పాపం, ఆ పండ్లతో ఏం నములుతుంది?

ఆ నోరు అట్లే పట్టుకుని ఆసుపత్రికి పోయాం. డాక్టరుగారు చూసి తన నెత్తి తనే కొట్టుకున్నారు. అప్పుడే బెంగళూరుకు ఫోను చేశారు. ఈ జాతికి పండ్లు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయట. గట్టివి కొరికి అరగదీసుకోవాలట. అరగకపోతే పై పండ్లు వేరువైపు కూడా ఒత్తుకుని, కంటినీళ్ళు దిగే సన్నటి దారిని నొక్కేస్తాయట. అందుకే కన్ను కారడం. అంత చిన్న నోటికి ఆసుపత్రిలో సామాను లేదు. కంసాలి దగ్గర సన్నటి ఆకురాయి తెప్పించి, ఉడకబెట్టి, కొంచెం మత్తిచ్చి ఓపికగా అరగదీశారు. కదిరప్ప తల పట్టుకున్నాడు, నేను కాళ్ళు పట్టుకున్నాను. వేరుదాకా ముదరలేదు, అదృష్టం అన్నారు.

ఇంటికి తెచ్చి ఎండుగడ్డి వేశాను. ఆకు దూసేసిన మల్బరీ కట్టెలు వేశాను. అవి ఇస్తే మంచిదేనన్నారు. మా ఇంట్లో వాటికి కరువా? ఆ రోజంతా కటకట శబ్దమే. ఆ శబ్దం వింటూ నేను నెలరోజుల తర్వాత కడుపునిండా ముద్ద తిన్నాను. ఈరోజుకు కన్ను పొడిగా ఉంది.

"ఇది వచ్చినప్పటికే పండ్లు పెరిగుండాల. ముందు ఎవరి దగ్గర ఉన్నింది? మెత్తనివి ఎవరు పెట్టినారు?" అని డాక్టరుగారు అడిగారు. నాకు తెలియదన్నాను. నిజంగానే నాకు తెలియదు కదా వదినా.

ఇట్లు,
సంతోషంతో నీలావతి.

తా.క.: కుంకుడుకాయ సంగతి అడిగాను. నురగ పోతే మంటే గానీ కన్ను పోదట. అయితే ఆ పక్కింటామె ఎవరో గానీ, ఆమె చేతికి ఏ జంతువునూ ఇవ్వొద్దని మరీ మరీ చెప్పమన్నారు.


ధర్మవరం,
25 మే 1998.

మా నీలావతికి అనసూయమ్మ రాసేది. ఇక్కడ నేను తప్ప అందరూ క్షేమం. ఈ ఉత్తరం రాసి ముగించాక నేనూ క్షేమంగా ఉంటాను.

పక్కింటామె ఎవరూ లేదు. నేనే.

మబ్బు మా ఇంటికి వచ్చిన రెండో రోజే మగ్గం కట్టెను కొరికింది. మీ అన్న కండెతో కొట్టబోయాడు. కడుపు నిండితే కొరకదు కదా అని పెట్టడం మొదలుపెట్టాను. పాలలో నానబెట్టిన బ్రెడ్డు, అరటిపండు, మెత్తగా చేసిన బెల్లమన్నం. ఉగాదికి పూర్ణం పెట్టి కాల్చిన ఓళిగ కూడా నెయ్యి వేసి పెట్టాను. ఇంటికి వచ్చినదానికి గట్టివి పెడతామా? కొరకడం మానేసింది. నా చేతి వంటకు లొంగిందని గర్వపడ్డాను. పండ్లు పచ్చగా ఉన్నాయని పండ్లపొడితో తోమబోతే వేలు కరిచింది. శుక్రవారం శుక్రవారం కుంకుడుకాయతో తలంటు పోశాను. మూడో శుక్రవారం తర్వాత కుడికన్ను కారడం మొదలైంది. నాకు భయం పుట్టింది. ఎండ అని సాకు చెప్పి కుళ్ళాయప్ప ఒళ్ళో పెట్టి నీ మీదికి పంపేశాను.

ఇంకా ఉంది. నీ కూతురు వెళ్ళేటప్పుడు కాగితం మీద ఎనిమిది మాటలు రాసి నా చేతికి ఇచ్చింది. నీళ్ళు తగలనీయొద్దు, సన్నటి దుమ్ములో వదలాలి, తీపి వద్దు, మెత్తనివి వద్దు, ఎండుగడ్డి వెయ్యాలి, కొరకడానికి కట్టెలు ఇవ్వాలి... కోడలు రాసిచ్చింది చదువుకుని అత్త నడుచుకోవాలా అని రోషం వచ్చింది. మడత విప్పకుండా బీరువాలో చీరల కింద పెట్టేశాను. తోటలో కూర్చుని ఏడ్చానని నువ్వు రాసిన ఉత్తరం వచ్చాకే తీసి చదివాను. ఎనిమిది మాటలు చదివి అక్కడే ఆగిపోయాను. నువ్వు ఒక్కటి తప్పావు, అదీ ఎవరూ చెప్పక. నేను ఎనిమిదీ తప్పాను, కాగితం ఇంట్లో పెట్టుకుని. నువ్వు తోటలో ఏడ్చావు, నేను మగ్గం చప్పుడులో ఏడ్చాను. నీ ఇంటికి వస్తానన్నది పంచాయితీకి కాదు, నీ చేతులు పట్టుకోవడానికి. ఆ మాట రాయడం చేతగాక బెదిరించినట్టు రాశాను.

నిన్న ఆదివారం నేనే పుణెకు ఫోను చేశాను. "అమ్మా అశ్వినీ, పాడు చేసింది నేను, బాగు చేసింది మీ అమ్మ" అని చెప్పేశాను. "పోనీలే అత్తా, ఇప్పుడు బాగుంది కదా. కాగితం అడుగువరకూ చదివినారా?" అని అడిగింది. ఫోను పెట్టేసి ఇంటికి వచ్చి చదివాను.

ఆ కాగితం ఈ కవరులోనే పెడుతున్నాను. జూన్ ఒకటిన నేను కూడా పెనుకొండ వస్తాను. పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్టుకు పోయి ఉంటాయి కాబట్టి ఇప్పుడు షెడ్డు సాకు చెప్పలేవు. శ్రుతి చేతిలో మబ్బును నువ్వే పెట్టాలి, నేను పక్కన నిలబడతాను. ఇకమీదట నన్ను "మీరు" అనొద్దు, వినలేకపోతున్నాను.

ఇట్లు,
నీ వదిన అనసూయ.

తా.క.: కాగితం కింది అంచు కత్తెరతో కత్తిరించి ఉంటుంది. కత్తిరించింది నేనే. అక్కడ నీ కూతురు ఏం రాసిందంటే, "అత్తా, దీన్ని మా అమ్మ దగ్గరికి మాత్రం పంపొద్దు, పురుగులపొడి చల్లేస్తుంది. మీరైతే నాకు దిగులు లేదు. నాకు తెలిసినవాళ్ళలో మీ అంత జాగ్రత్త మనిషి లేరు." నువ్వు చదివితే నొచ్చుకుంటావని కత్తిరించి నా పెట్టెలో దాచుకున్నాను. కానీ వదినా, పదేళ్ళలో కోడలు నన్ను మెచ్చుకుంటూ రాసిన మాట ఇదొక్కటే. నీతో కాకపోతే ఇంకెవరితో చెప్పుకునేది?